గ్రామసభా, చీటీల జ్యూరీయా, బహిరంగ విచారణా: ఏ నిర్ణయానికి ఏది పెట్టాలి?

పాత బస్టాండు దగ్గరి కూరగాయల సంతని ఊరి బయటికి మార్చాలా వద్దా, డంపింగ్ యార్డు ఎటువైపు పెట్టాలి, ఈసారి వచ్చే డబ్బుతో డ్రైనేజీ వేయాలా పార్కు కట్టాలా అని చర్చ వచ్చినప్పుడల్లా "ప్రజల అభిప్రాయం తీసుకుందాం" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత జరిగేది మనకు తెలిసిందే కదా: ఒక షామియానా, రెండు మైకులు, స్టేజీ మీద పదిహేను కుర్చీలు, గంటన్నర ఉపన్యాసాలు, చివర్లో ఎవరో లేచి "అయ్యా, మా వీధిలో లైటు వెలగట్లేదు" అంటే "నోట్ చేసుకోండి" అనడం, రిజిస్టర్ చేతులు మారడం, సంతకాలు. మమ.

అలాంటి సభ పెట్టాల్సిన వాళ్లు, పెట్టమని అడగాలనుకునే వాళ్లు, అంటే సర్పంచులు, కౌన్సిలర్లు, కాలనీ సంఘాల వాళ్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. మామూలు జనాన్ని కూర్చోబెట్టి, విషయం చెప్పి, వాదించుకోనిచ్చి, ఒక మాట మీదకి తెచ్చే పద్ధతులు ప్రపంచంలో ఐదారు ఉన్నాయి. మన దగ్గరే పుట్టినవీ ఉన్నాయి, బయట బాగా నలిగినవీ ఉన్నాయి. అన్నీ అన్నిటికీ పనికిరావు. ఎంతమంది వచ్చారనే లెక్కతో పద్ధతిని ఎంచుకునేవాళ్లే ఎక్కువ, నా దృష్టిలో అది అన్నిటికంటే పనికిమాలిన కొలత. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఇప్పటిదాకా ఎవరి మాట వినపడలేదు, విషయం అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది అన్న మూడూ చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు టెండరు పిలిచారో లేదో కనుక్కోండి

స్థలం కొనేశారు, టెండరు పిలిచేశారు, కాంట్రాక్టరు ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. అప్పుడు అభిప్రాయం అడగడమంటే పెళ్లయిపోయాక లగ్నపత్రిక రాయించడమే. అలాంటి చోట ఏ పద్ధతీ పెట్టకండి. "నిర్ణయం అయిపోయింది, అమలులో ఇబ్బందులుంటే చెప్పండి" అని నిజం చెప్పేయండి, తిట్లు కాస్త తక్కువ పడతాయి.

నిర్ణయం ఇంకా జరగలేదంటే, జనం చెప్పిన దాన్ని ఏం చేస్తారో ముందే కాగితం మీద పెట్టాలి. ఇందులో ఫ్రాన్స్ అనుభవం చూడండి. వాతావరణ మార్పు మీద 2019–20లో లాటరీ తీసి 150 మంది పౌరుల్ని కూర్చోబెట్టారు. మీరు చెప్పినవి వడపోత లేకుండా పార్లమెంటుకో రెఫరెండానికో (ప్రజలందరూ ఓటేసి తేల్చేది) పంపిస్తానని అధ్యక్షుడు మక్రాన్ మాటిచ్చారు. వాళ్లు నెలల తరబడి కష్టపడి 149 ప్రతిపాదనలు ఇచ్చారు. మూడు పక్కన పెడతాను, 146 ఒప్పుకుంటున్నానని ఆయన ప్రకటించారు. చట్టం తయారయ్యేసరికి చాలావాటికి పదును పోయింది. 2021లో ఆ సభ్యులే మళ్లీ కూర్చుని ప్రభుత్వానికి మార్కులు వేస్తే, తమ ప్రతిపాదనల్ని పట్టించుకున్న తీరుకి పదికి మూడు దాటి కాస్త వచ్చాయి. అంత పెద్ద మాట ఇవ్వకుండా ఉంటే అంత కోపం వచ్చేది కాదు. మీరు చిన్న మాట ఇవ్వండి: "మీ సిఫార్సుని కౌన్సిల్ సమావేశం అజెండాలో పెడతాం, ఒప్పుకోని ప్రతిదానికీ కారణం రాతపూర్వకంగా ఫలానా తేదీలోపు ఇస్తాం." ఇంతే చాలు, కానీ తీర్మానం రూపంలో ఉండాలి. నోటిమాట వద్దు. కమిషనర్ బదిలీ అయిపోతే నోటిమాట కూడా ఆయనతోనే బదిలీ అవుతుంది.

గ్రామసభ: అధికారం ఉంది, తీరిక లేదు

చట్టబలం విషయంలో దీనికి సాటి లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది, 243ఎ అధికరణంలో గ్రామసభకి చోటిచ్చింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. రికార్డుగా బాగుంది, కానీ ఒక్కరోజులో అన్ని వేల సభలు జరిగితే ఒక్కో సభలో ఎంత చర్చ జరిగి ఉంటుందో గ్రామసభకి వెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు ఊహించుకోవచ్చు.

గ్రామసభలో చిక్కు ఏమిటంటే అది అందరిదీ, కాబట్టి గొంతున్నవాడిదే. ముందు వరసలో పెద్దమనుషులు, వెనక నిలబడి యువకులు, పక్కన చెట్టు కింద ఆడవాళ్లు, వాళ్లకి మైకు అందేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అవుతుంది. కౌలుకి చేసుకునేవాడు భూమి ఇచ్చిన ఆసామి ఎదురుగా లేచి ఆయనకి నచ్చని మాట ఎలా అంటాడు? అనడు. మౌనాన్ని అంగీకారంగా మినిట్స్ బుక్కులో రాసేస్తారు.

దీనికి మందు కేరళలో దొరికింది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35–40 శాతం స్థానిక సంస్థలకి ఇస్తామన్నారు, అది ఒక ఎత్తు. ఇంకో ఎత్తు, గ్రామసభలో మొదట అందరినీ కాసేపు కలిపి కూర్చోబెట్టి, ఆ తర్వాత వ్యవసాయం, నీళ్లు, చదువు, స్త్రీల సమస్యలు అంటూ చిన్న గుంపులుగా విడదీయడం. ఒక్కో గుంపుకి శిక్షణ పొందిన మనిషి ఒకరు, అడగాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి. చివర్లో గుంపులన్నీ మళ్లీ కలిసి ఏం అనుకున్నాయో చెప్పేవి. మైకు ముందు నోరు విప్పనివాళ్లు పాతికమంది మధ్య మాట్లాడతారు. ఖర్చేం లేదు దీనికి, మూడు నాలుగు చాపలు, కాస్త నీడ, ముందురోజు గుంపు నడిపేవాళ్లకి ఒక పూట శిక్షణ. ఏ పంచాయతీ అయినా రేపటి సభ నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే వేరే ఆలోచనే పెట్టుకోకండి. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకోసం తెచ్చిన పెసా చట్టం (1996), అటవీ హక్కుల చట్టం (2006) అక్కడి గ్రామసభకి ఇచ్చిన బలం ఇంకే సభకీ లేదు. పక్క ఒడిశాలో నియమగిరి సంగతి చూడండి: 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, బాక్సైట్ తవ్వకాలపై 12 గ్రామసభలు జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల సమక్షంలో కూర్చున్నాయి, పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి, గని ఆగిపోయింది. ఆ 12 పల్లెలు ఏవన్నది రాష్ట్ర ప్రభుత్వమే ఎంచుకుంది, వంద పైచిలుకు పల్లెలుంటే పన్నెండేనా అని అప్పట్లో గొడవ కూడా జరిగింది, అయినా ఫలితం అదే. అంత హక్కు ఉన్నచోట కొత్త రకం కమిటీ ఏదైనా తెచ్చి గ్రామసభని పక్కకి నెట్టాలని ఎవరైనా చూస్తే అనుమానించండి.

బహిరంగ విచారణ: అభ్యంతరం నమోదు చేయడానికి, ఆలోచించడానికి కాదు

ఫ్యాక్టరీ, గని, పెద్ద ప్రాజెక్టు లాంటి వాటికి 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇది పెట్టక తప్పదు. 30 రోజుల ముందు నోటీసు, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత, కాలుష్య నియంత్రణ మండలి నిర్వహణ, మొత్తం వీడియో తీయాలి. సభ మొదలవడానికి కోరం, అంటే ఇంతమంది ఉండి తీరాలన్న కనీస సంఖ్య, అక్కర్లేదని అదే నోటిఫికేషన్‌లో ఉంది, ఆ ముక్క చాలామందికి తెలియదు. మనం వెళ్లకపోయినా సభ జరిగినట్టే.

ఇక్కడ ఎవరి మనసూ మారదు, మార్చుకోవడానికి ఎవరూ రారు కూడా. కంపెనీ బస్సుల్లో వచ్చినవాళ్లు ఒకవైపు, వ్యతిరేకించేవాళ్లు ఒకవైపు, మధ్యలో పోలీసులు. కానీ రికార్డులో మాట పడటానికి దీన్ని మించింది లేదు, రేపు ట్రిబ్యునల్‌కి వెళ్తే ఆ రికార్డే అక్కరకొస్తుంది. కాబట్టి వెళ్లండి, రాసి తీసుకెళ్లండి, రసీదు తీసుకోండి. 2010లో బీటీ వంకాయ (జన్యుమార్పిడి వంగడం) మీద అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో జనం ముందు కూర్చున్నారు. అరుపులు, కేకలు, ప్లకార్డులు అన్నీ అయ్యాయి, ఫిబ్రవరి 9న ఆ వంకాయకి బ్రేక్ పడింది. అక్కడ నిర్ణయం తీసుకోవాల్సిన మనిషే స్వయంగా వచ్చి విన్నాడు, తర్వాత కారణాలు రాసి బయటపెట్టాడు. మామూలు విచారణల్లో వినేవాడొకడు, నిర్ణయించేవాడు ఇంకొకడు.

చీటీల జ్యూరీ: చిన్న గుంపు, ఎక్కువ రోజులు

నాకు నచ్చిన పద్ధతి ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. పన్నెండు నుంచి పాతికమంది మామూలు మనుషుల్ని చీటీలు తీసి ఎంచుకుంటారు. నాలుగైదు రోజులు కూర్చోబెడతారు. అన్నివైపుల సాక్షులూ వచ్చి చెబుతారు, జ్యూరీ ప్రశ్నలడుగుతుంది, తర్వాత తలుపులు వేసుకుని మాట్లాడుకుని తీర్పు రాస్తుంది. 1970ల్లో అమెరికాలో నెడ్ క్రాస్బీ, జర్మనీలో పీటర్ డీనెల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దాదాపు ఒకేలాంటి పద్ధతి కనిపెట్టారు. చీటీలు మనకి కొత్తేమీ కాదు: పదో శతాబ్దంలో చోళుల నాటి, తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనంలో ఊరి కమిటీలకి కుండలో తాటాకు చీటీలు వేసి, చిన్న పిల్లవాడితో తీయించేవాళ్లని ఉంది. అంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాళ్లకీ, వాళ్ల బంధువులకీ ఆ కుండలో చోటు లేదు. (భూమి లేనివాళ్లకీ లేదు, అంత మురిసిపోనక్కర్లేదు.)

తెలుగునాట జరిగిన పెద్ద ఉదాహరణ 2001 నాటి 'ప్రజాతీర్పు'. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 అనే అభివృద్ధి పత్రం తెచ్చింది, వ్యవసాయం మీద బతికేవాళ్లు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలన్నది అందులో ఒక మాట. మిగతా వాళ్లు ఎక్కడికి పోతారు అన్నది ఆ తగ్గేవాళ్లనే అడుగుదామని కొన్ని సంస్థలు కలిసి జహీరాబాద్ దగ్గర అల్గోల్ అనే ఊళ్లో జ్యూరీ పెట్టాయి. చిన్న, సన్నకారు రైతులు, చిరువ్యాపారులు, ఆదివాసీలు, మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఆడవాళ్లు. చదవడం రానివాళ్లకి పత్రాలిచ్చి లాభమేమిటి? అందుకే మూడు రకాల భవిష్యత్తుల్ని వీడియోలుగా తీసి చూపించారు: ఒకటి విజన్ 2020 చెప్పినది, ఒకటి ఎగుమతి కోసం సేంద్రియ పంటలు పండించేది, ఒకటి ఊరి తిండి ఊళ్లోనే పండించుకునేది. అధికారులు, కంపెనీలవాళ్లు, శాస్త్రవేత్తలు, ఉద్యమాలవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఇదంతా సరిగ్గా జరుగుతోందా లేదా చూడటానికి విశ్రాంత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన వేరే బృందం కూర్చుంది.

జ్యూరీ విజన్ 2020ని తోసిపుచ్చింది. భూముల్ని కలిపి పెద్ద కమతాలు చేయడం, కాంట్రాక్టు సేద్యం, కూలి పోగొట్టే యంత్రాలు, బీటీ పత్తితో సహా జన్యుమార్పిడి పంటలు వద్దంది. నేల సత్తువ, రకరకాల పంటలు, పశువులు, తమకి తెలిసిన విత్తనం తమ చేతిలోనే ఉండాలంది. మరుసటి ఏడాది మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చేసింది. ఆ తీర్పుకి ఎవరూ కట్టుబడనక్కర్లేదు మరి.

కానీ నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగిన గొడవ. ఆంధ్రప్రదేశ్‌కి సాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ విభాగం ఈ పద్ధతినే తప్పుపట్టింది: జ్యూరీని ఎలా ఎంచారు, సాక్షులు సమతూకంగా ఉన్నారా, నిర్వాహకులకి ముందే ఒక అభిప్రాయం లేదా అని. నివేదిక వేసిన సంస్థలు కొంతకాలం దాన్ని తమ వెబ్‌సైట్ల నుంచి తీసేయడం దాకా వెళ్లింది. ఆ జ్యూరీలో ఎక్కువమంది పేద రైతులు ఉండటం సబబే, బతుకు పోయేది వాళ్లదే. అయినా చీటీలు అందరి కళ్లముందు తీసి ఉంటే, సాక్షుల పేర్లు రెండు వర్గాలతోనూ ఒప్పించుకుని ఉంటే, తీర్పు నచ్చనివాళ్లకి పట్టుకోవడానికి అంత సులువైన పిలక దొరికేది కాదు. మీరు జ్యూరీ పెడితే మీ ప్రత్యర్థిని కూడా సాక్షుల జాబితా తయారుచేయడానికి పిలవండి. చేదుగా ఉంటుంది, తప్పదు.

చీటీలు ఎలా తీయాలి అని చాలామంది అడుగుతారు. ఓటర్ల జాబితా పోలింగ్ బూత్ వారీగా బహిరంగంగానే దొరుకుతుంది. రెండు విడతలుగా తీయడం మంచిది. మొదటి విడతలో వరస నంబర్లు లాటరీ తీసి రెండు మూడు వందల ఇళ్లకి మనిషి వెళ్లి అడగాలి, ఫోన్ చేస్తే లోన్ కాల్ అనుకుని పెట్టేస్తారు. ఒప్పుకున్నవాళ్ల వయసు, వృత్తి, సొంతిల్లా అద్దెనా, కులవర్గం రాసుకుని, రెండో విడతలో ఊరి పోలిక వచ్చేలా 24 మందిని తీయాలి. అద్దెకుండేవాళ్లు, పనికోసం వచ్చినవాళ్లు ఓటు సొంతూళ్లోనే ఉంచుకుంటారు కాబట్టి వాళ్ల కోసం రెండో జాబితా, ఇంటింటి సర్వేదో రేషన్‌ది ఏదో ఒకటి, కలుపుకోవాలి. ఈ పని ఎవరికి అప్పగిస్తున్నారో కూడా చూసుకోండి. ఐర్లాండ్‌లో పౌరసభకి (లాటరీతో తీసిన వందమంది దాకా ఉండే సభ, దాని సంగతి కింద చెబుతాను) సభ్యుల్ని తీసే పని ఒక సర్వే కంపెనీకి ఇస్తే, అందులో ఒక ఉద్యోగి ఇంటింటికీ తిరగకుండా తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లు చేసి ఏడుగురిని చేర్చేసిన సంగతి 2018లో బయటపడింది. ఎక్కడైనా మనుషులు మనుషులే.

రోజుకూలి ఇవ్వండి, తక్కువ కాకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే ఖాళీగా ఉన్నవాళ్లూ, పెన్షనర్లూ, పార్టీ కార్యకర్తలూ మిగులుతారు. నాట్లు, కోతల రోజుల్లో పెట్టకండి. స్టేజీ వద్దు, శాలువాలు వద్దు, గుండ్రంగా కుర్చీలు వేయండి.

వంద మందితో పెద్ద పౌరసభ: రాష్ట్రం సైజు ప్రశ్నలకి

ఐర్లాండ్ పేరు అందరూ చెప్పేది దీనికే. మొదటి ప్రయత్నంలో (2012–14) 66 మంది పౌరులతో పాటు 33 మంది రాజకీయ నాయకుల్ని కూడా కూర్చోబెట్టారు, రెండోసారి 99 మంది పౌరులు, ఒక న్యాయమూర్తి అధ్యక్షురాలు. దశాబ్దాలుగా ఏ పార్టీ ముట్టుకోవడానికి ధైర్యం చేయని గర్భస్రావం చట్టం మీద వాళ్లు వారాంతాల్లో నెలల తరబడి కూర్చుని నిషేధం సడలించమని సిఫార్సు చేస్తే, 2018 మే రెఫరెండంలో 66.4 శాతం ఒప్పుకున్నారు. కానీ అదే దేశంలో ఇంకో పౌరసభ నుంచి మొదలైన, కుటుంబం, సంరక్షణ అన్న విషయాల మీద రాజ్యాంగ సవరణలు 2024 మార్చిలో చిత్తుగా ఓడిపోయాయి, పౌరసభ సూచించిన మాటల్ని ప్రభుత్వం మార్చేసిందన్న విమర్శ కూడా వచ్చింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2004లో 160 మందితో ఎన్నికల పద్ధతి మార్చడానికి సభ పెట్టింది. రెఫరెండంలో 57.7 శాతం అవునన్నారు, 60 రావాలని ముందే గీత గీశారు కాబట్టి పోయింది.

మనకి రెఫరెండం పెట్టే ఏర్పాటు లేదు. కాబట్టి వందమంది సభకి ఏడాది ఖర్చు పెట్టి తీసిన మాట చివరికి అసెంబ్లీ గుమ్మం దగ్గర ఆగుతుంది. రాష్ట్రస్థాయిలో ఎవరైనా గట్టిగా ముందుకొస్తే సరే, మున్సిపాలిటీకి ఇది దండగ.

మాట్లాడించి మళ్లీ అడిగే సర్వే

జేమ్స్ ఫిష్కిన్ అనే అమెరికన్ ఆచార్యుడి పద్ధతి. రెండు మూడు వందల మందిని లాటరీతో తీసి సర్వే చేస్తారు, ఒకటి రెండు రోజులు చిన్న గుంపుల్లో చర్చింపజేస్తారు, మళ్లీ అదే సర్వే చేస్తారు. ఎవరూ చేతులెత్తి ఓటేయనక్కర్లేదు, ఏకాభిప్రాయం కుదరనక్కర్లేదు, ఏ ఆసామికీ ఎదురు తిరిగినట్టు కనిపించనక్కర్లేదు. మన ఊళ్ల మొహమాటాలకి ఇది సరిపోతుందని నా నమ్మకం. చైనాలో జెగువో అనే పట్టణంలో 2005లో ఇలా 235 మంది కూర్చుని 30 పనుల్లోంచి ఎంచారు. అన్నీ చేయాలంటే దాదాపు 13.6 కోట్ల యువాన్లు కావాలి, చేతిలో ఉన్నది 4 కోట్లే. చర్చల తర్వాత పైకొచ్చినవి ఆర్భాటంగా కనిపించే కట్టడాలు కాదు, మురుగునీటి శుద్ధి, రోడ్లు. పై వరసలోని 12 పనులకి డబ్బు పెట్టారు. పార్టీ ఒక్కటే ఉన్న దేశంలో ఇది పనిచేసిందంటే మురిసిపోవాలో, భయపడాలో మీరే చెప్పాలి. టెక్సాస్‌లో 1990ల చివర్లో కరెంటు కంపెనీలు ఇలా చేస్తే, పునరుత్పాదక విద్యుత్తుకి నెలకి కాస్త ఎక్కువ కట్టడానికి ఒప్పుకునేవాళ్లు 52 శాతం నుంచి 84 శాతానికి పెరిగారు, గాలిమరల విద్యుత్తు వైపు ఆ రాష్ట్రం వెళ్లడంలో ఆ సర్వేలకి పాత్ర ఉంది.

లోపం: సర్వే నిపుణులు కావాలి, ప్రశ్నలు తయారుచేయడమే ఒక విద్య. దగ్గర్లో యూనివర్సిటీ ఉంటే పెట్టుకోండి, లేకపోతే వదిలేయండి. అన్నట్టు ఐవీఆర్ఎస్ కాల్‌లో "అవును అయితే ఒకటి నొక్కండి" అనడాన్ని దీనితో కలపకండి. దరఖాస్తులు తీసుకునే కార్యక్రమాల్నీ కలపకండి, 2023 డిసెంబరు చివర్లో మొదలైన తెలంగాణ ప్రజాపాలనలో జనం క్యూలో నిలబడి ఇచ్చింది దరఖాస్తు, ఒకరితో ఒకరు వాదించుకుని తేల్చుకున్న మాట కాదు.

డబ్బు పంచుకునే పద్ధతి

బడ్జెట్లో కొంత డబ్బు ఏ పనులకి పెట్టాలో జనమే చెప్పే పద్ధతి ఇది. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే నగరం 1989లో మొదలుపెట్టింది, పుణె నగరపాలక సంస్థ 2006 నుంచి చేస్తోంది. పుణెలో అయితే పౌరులు వార్డులో చిన్న చిన్న పనులు సూచిస్తారు, అధికారులు ఏరి బడ్జెట్లో పెడతారు, అంటే సూచన ఎక్కువ, చర్చ తక్కువ. అయినా మొదలుపెట్టడానికి ఇంత సులువైనది ఇంకోటి లేదు, ఎందుకంటే ఆరు నెలల్లో కళ్లముందు కల్వర్టో, బోరో కనిపిస్తుంది, వచ్చే ఏడాది జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ఒక్క జాగ్రత్త: ఏ డబ్బు దేనికి ముడిపడి ఉందో ముందే గోడమీద రాయండి. 15వ ఆర్థిక సంఘం (2021–26) పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. అది చెప్పకుండా "మీకేం కావాలో అడగండి" అని, అందరూ కమ్యూనిటీ హాలు అడిగాక "రూల్స్ ఒప్పుకోవు" అంటే ఇంకోసారి ఎవరూ రారు.

సంత విషయంలో నేనైతే ఏం చేస్తాను

మొదట చెప్పిన సంత ఉదాహరణే తీసుకుందాం. ఓ లక్ష జనాభా ఉన్న పట్టణం అనుకోండి. బహిరంగ సభ పెడితే షాపుల సంఘం వంద మందిని తెస్తుంది, సంతలో కూర్చునే ఆడవాళ్లు రారు, ఎందుకంటే ఆరోజు కూడా బుట్ట దించితేనే గడిచేది. వీధి వ్యాపారుల చట్టం (2014) ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి. ముందు ఆ కమిటీ మీ ఊళ్లో ఉందా, కాగితం మీదే ఉందా చూడండి. ఆ కమిటీని దాటి జ్యూరీ పెడితే కోర్టులో నిలవదు. దాని ముందుకి సిఫార్సు తీసుకెళ్లేలా జ్యూరీ పెట్టాలి.

24 మంది, నాలుగు ఆదివారాలు. మొదటి ఆదివారం పొద్దున ఐదున్నరకి అందరినీ సంతకే తీసుకెళ్తాను. లారీ ఎక్కడ ఆగుతుంది, బుట్టలు ఎవరు మోస్తారు, ఆటోవాడు ఎందుకు అడ్డంగా పెడతాడు, మరుగుదొడ్డి ఎక్కడుంది అనేవి అక్కడే తెలుస్తాయి, పవర్‌పాయింట్‌లో తెలియవు. రెండో ఆదివారం సాక్షులు: అమ్మేవాళ్లు, షాపులవాళ్లు, ట్రాఫిక్ ఎస్సై, ఇంజనీరు, పల్లె నుంచి తోటకూర తెచ్చే రైతు. ఒక్కొక్కరికి పావుగంట, ప్రశ్నలకి అరగంట. మూడో ఆదివారం జ్యూరీవాళ్లు తమకింకా ఏం తెలియాలో చెబుతారు, ఆ మనుషుల్ని పిలిపిస్తాం. నా అంచనాలో అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది, ఊరి బయటికి బస్సు చార్జీ ఎంత, అక్కడ రాత్రి లైటు ఉంటుందా లాంటివి అప్పుడే అడుగుతారు. నాలుగోది తీర్పు. రహస్య ఓటు, ఒప్పుకోనివాళ్ల కారణాలు కూడా అదే కాగితంలో. తర్వాత అదే వారం ఓపెన్ సభ పెట్టి జ్యూరీలో ఇద్దరు ముగ్గురు తమ మాటల్లో చదివి వినిపించాలి, అధికారులు కాదు.

నడిపించేవాళ్లు ఊళ్లో భూములు, షాపులు లేని మనిషై ఉండాలి. పక్క ఊరి రిటైర్డ్ టీచరమ్మ దొరికితే అదృష్టం. ఖర్చు? కూలి, భోజనాలు, హాలు, ముద్రణ కలిపినా మున్సిపాలిటీ ఒక వార్షికోత్సవానికి పెట్టే ఫ్లెక్సీల ఖర్చుకి అటూ ఇటూ ఉంటుంది.

నాలుగు ఆదివారాలు కుదరవు, ఒక్కరోజే ఉందంటారా? అయితే జ్యూరీ అనకండి, ఒక్కరోజు జ్యూరీ అంటే తెలిసినవాళ్లు చెప్పింది తెలియనివాళ్లు వినడమే. కేరళలాగా గుంపులుగా విడదీసిన వార్డు సభ పెట్టండి.

అసలు ఓటుకే పెట్టకూడనివి

ఎస్సీ కాలనీకి శ్మశానం దారి ఇవ్వాలా, ఫలానా వాళ్లకి ఇళ్ల స్థలాలు ఊరి మధ్యలో ఇవ్వొచ్చా, అంగన్‌వాడీలో ఫలానా కులం ఆయా వంట చేయొచ్చా లాంటివి "ఊరి అభిప్రాయం" అని ఎవరైనా జ్యూరీకో, సభకో తెస్తే అక్కడే ఆపేయాలి. అవి హక్కులు. ఎంత బాగా చర్చించినా, ఎంత న్యాయంగా చీటీలు తీసినా, 24 మందిలో 20 మంది వద్దన్నా ఆ హక్కు తగ్గదు. జ్యూరీని అడగాల్సిన ప్రశ్న వేరు: దారి ఎటునుంచి వేస్తే ఎవరి పొలం తక్కువ పోతుంది, పోయినవాళ్లకి ఏమివ్వాలి? ప్రశ్నని ఇలా రాయించే పని కౌన్సిల్‌లోనే, చీటీలు తీయకముందే, ఆ కాలనీవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి.